లాగితే బిగుసుకునే గొట్టం
కారు గాలి మార్గంలో మొండికేసిన భాగాలు, వాటి వెనకున్న భౌతికశాస్త్రం

ఆదివారం ఉదయం, హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంటు సెల్లారు. పదకొండేళ్ళ పాత పెట్రోలు కారు బానెట్ ఎత్తి, థ్రాటిల్ బాడీ శుభ్రం చేద్దామని మొదలుపెట్టాను. ఎయిర్ ఫిల్టరు డబ్బా క్లిప్పులు తేలిగ్గానే వచ్చాయి. డబ్బా నుంచి థ్రాటిల్ బాడీకి వెళ్ళే లావుపాటి రబ్బరు గొట్టం దగ్గర పని ఆగిపోయింది. క్లాంపు స్క్రూ పూర్తిగా వదులు చేసినా గొట్టం ఇసుమంత కూడా కదల్లేదు. రెండు చేతులతో పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. టప్‌మని శబ్దం. చేతిలోకి వచ్చింది గొట్టం కాదు, ఇంజన్ నుంచి వచ్చే సన్న పైపు తగిలించే ప్లాస్టిక్ ముక్కు.

పక్క సందులో షెడ్డున్న మెకానిక్ వచ్చి చూసి నవ్వారు. నాకన్నా కనీసం పదిహేనేళ్ళు పెద్దాయన. "లాగితే రాదు సార్. ముందు లోపలికి నెట్టండి, తర్వాత మెలితిప్పండి, అదే వస్తుంది" అన్నారు. తీయాల్సిన దాన్ని లోపలికి నెట్టడమేమిటి? భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన నాకు ఆ జవాబు తట్టకపోవడం కాస్త సిగ్గనిపించింది.

రబ్బరుకి ఒక గుణం ఉంది. ఎంత సాగదీసినా దాని ఘనపరిమాణం దాదాపు మారదు. గాలి ఊదని బెలూన్‌ని రెండు కొసలా పట్టుకుని లాగితే నడుము సన్నబడుతుంది కదా, అదే ఇది. పొడవు పెరిగితే అడ్డుకొలత తగ్గాలి. ఆ తగ్గుదల ఎంతో చెప్పేదే పాయిజాన్ నిష్పత్తి. రబ్బరుకి అది దాదాపు 0.5. అంటే గొట్టాన్ని పొడవునా 1 శాతం సాగదీస్తే చుట్టుకొలత సుమారు అర శాతం తగ్గుతుంది. లోపల ఉన్నది సన్నబడని అల్యూమినియం మూతి. కాబట్టి నేను ఎంత గట్టిగా లాగితే గొట్టం అంత గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. నెడితే దీనికి వ్యతిరేకం: గొట్టం కాస్త పొట్టిదై, లావై, పట్టు సడలిస్తుంది.

ఇక మెలితిప్పడం. జారుతున్న వస్తువు ఏ దిశలో కదులుతోందో, ఘర్షణ సరిగ్గా దానికి ఎదురు దిశలో పనిచేస్తుంది. గొట్టాన్ని గుండ్రంగా తిప్పుతూ ఉంటే ఘర్షణ శక్తంతా ఆ తిప్పుడుని ఆపడానికే ఖర్చవుతుంది. ఆ సమయంలో బయటికి లాగితే అడ్డుపడేది అందులో చిన్న వాటా మాత్రమే. 5 మిల్లీమీటర్లు తిప్పుతూ 1 మిల్లీమీటరు లాగామనుకోండి, లాగే దిశలో ఎదురయ్యే ఘర్షణ మొత్తంలో అయిదో వంతుకి పడిపోతుంది. సీసా బిరడాని తిప్పుతూ తీసేవాళ్ళకీ, బిగుసుకున్న ఉంగరాన్ని తిప్పుతూ వేలి నుంచి తీసేవాళ్ళకీ ఈ లెక్క తెలియకపోయినా చేతికి తెలుసు. రబ్బరు ఘర్షణ పాఠ్యపుస్తకంలోని సూత్రాలకు అచ్చంగా లొంగదు గానీ, దిశ సంగతి మాత్రం దానికీ వర్తిస్తుంది.

అసలు అంతగా ఎందుకు అంటుకుంది? ఏళ్ళ తరబడి కదలకపోవడం వల్లే. పైకి నున్నగా కనిపించే రెండు ఉపరితలాలు నిజంగా తగిలేది అక్కడక్కడా ఉండే సూక్ష్మమైన బొడిపెల దగ్గరే. ఒత్తిడిలో ఉంచితే ఆ బొడిపెలు మెల్లమెల్లగా అణిగి, అసలైన స్పర్శా వైశాల్యం కాలంతో పాటు పెరుగుతుంది. కదలకుండా ఉంచిన కొద్దీ కదిలించడం కష్టమవుతుందని 18వ శతాబ్దంలోనే కూలుంబ్ గమనించాడు. విద్యుత్ ఆవేశాల సూత్రంతో మనకు తెలిసిన కూలుంబే. దీనికి ఇంజన్ వేడి తోడైతే రబ్బరు గట్టిపడుతుంది. క్లాంపు నొక్కిన చోట శాశ్వతంగా గాడి పడుతుంది. క్లాంపు తీసేసినా ఆ గాడి వదలదు.

ఈ అతుకుని ఒక్కసారిగా తెంచాలంటే మొత్తం వైశాల్యంతో పోరాడాలి. అంచు నుంచి ఒలిస్తే ఒక సన్నటి గీతతో పోరాడితే చాలు. పుస్తకం మీది స్టిక్కరుని మూల నుంచి తీయడం అందుకే. మెకానిక్ మొద్దు మొన ఉన్న ప్లాస్టిక్ ముక్కని గొట్టం అంచు కింద దూర్చి, చుట్టూ తిప్పి, ఆ సందులో నాలుగు చుక్కల సబ్బునీళ్ళు వేశారు. స్క్రూడ్రైవరు జోలికి పోలేదు. దాని పదునైన మూల రబ్బరులో చిన్న గాటు పెట్టినా లాగినప్పుడు బలమంతా అక్కడే కేంద్రీకృతమై గొట్టం చిరుగుతుంది.

సబ్బునీళ్ళే ఎందుకు? పెట్రోలియం నూనెలు కొన్ని రకాల రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బేలా చేస్తాయి. సిలికాన్ స్ప్రే రబ్బరుకి మంచిదే గానీ గాలి మార్గంలో వాడకూడదు. నా కారులో ఫిల్టరు తర్వాత గాలి కొలిచే సెన్సరు ఉంది. అందులో విద్యుత్తుతో వేడెక్కించిన సన్నటి అంశం ఉంటుంది. వెళ్ళే గాలి దాన్ని చల్లబరుస్తుంటే, అదే వేడిలో నిలపడానికి ఎంత కరెంటు కావాలో చూసి గాలి ఎంతో లెక్కగడతారు. దానిమీద జిడ్డు పొర పేరుకుంటే లెక్క తప్పుతుంది. ఎగ్జాస్టులోని ఆక్సిజన్ సెన్సరుకీ సిలికాన్ పడదు. సబ్బునీళ్ళు ఆరిపోతాయి.

ఇంకో ఉపాయం వేడి. పొలంలో మోటారుకి పైపు ఎక్కించేముందు కొసని వేడినీళ్ళలో ముంచేవాళ్ళని చూసే ఉంటారు. ఇక్కడ వేడినీళ్ళలో తడిపి పిండిన గుడ్డ చుట్టినా, హెయిర్ డ్రయ్యరు పెట్టినా చాలు. పెట్రోలు ఆవిరి ఉండే చోట మంట మాత్రం వద్దు. నాకు ఇక్కడ ఓ అనుమానం వచ్చింది. సాగదీసిన రబ్బరుని వేడిచేస్తే అది ముడుచుకుంటుందని జాన్ గఫ్ అనే అంధ శాస్త్రవేత్త 19వ శతాబ్దం తొలినాళ్ళలో కనిపెట్టాడు. 1859లో జూల్ దాన్ని కొలిచి చూపాడు. మరి గొట్టం ఇంకా బిగుసుకోదా? బిగుసుకోదు. ఆ ప్రభావం పైచేయి అయ్యేది రబ్బరు సుమారు 10 శాతానికి మించి సాగినప్పుడే. మూతి మీద గొట్టం సాగేది అంతకన్నా తక్కువ, కాబట్టి మామూలు వ్యాకోచమే గెలుస్తుంది. పైగా వేడికి రబ్బరు మెత్తబడుతుంది.

తుప్పు పట్టిన బోల్టులకూ వేడి పనికొస్తుంది. ఒక్కో డిగ్రీకి అల్యూమినియం పది లక్షల్లో 23 వంతులు పెరిగితే ఉక్కు సుమారు 12 వంతులే పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల ఉక్కు బోల్టు అల్యూమినియం రంధ్రంలో ఉంటే, 60 డిగ్రీలు వేడెక్కేసరికి 5 మైక్రాన్ల సందు దొరుకుతుంది. వెంట్రుక మందంలో పదో వంతు కూడా కాదు. అయినా తుప్పు పట్టు సడలడానికి చాలాసార్లు అది సరిపోతుంది.

ఇవన్నీ మొదలుపెట్టేముందు ఇంజన్ చల్లారనివ్వాలి, బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి. గొట్టం ఊడగానే థ్రాటిల్ మూతిలో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. అందులోకి జారిన చిన్న స్క్రూ నేరుగా సిలిండరులోకి పోగలదు.

నేను విరగ్గొట్టిన ముక్కుకి ఇన్సులేషన్ టేపు చుట్టి బండి తీశాను. రెండు రోజులకే ఐడిలింగ్ ఊగిసలాడింది, ఇంజన్ లైటు వెలిగింది. లీటరు పెట్రోలు మండడానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. ఆ గాలిలో కొంత సెన్సరుని దాటకుండా, ఫిల్టరు లేకుండా ఆ పగులులోంచి వెళ్తోంది. కంప్యూటరుకి తెలియని గాలి అది. దానికి తగ్గ పెట్రోలు అందదు, దానితో పాటు రోడ్డు దుమ్మూ లోపలికి చేరుతుంది. చివరికి గొట్టం మొత్తం మార్చాల్సి వచ్చింది.

కొత్తది ఎక్కించేముందు మూతిని శుభ్రంగా తుడిచి, కాస్త సబ్బునీళ్ళు రాశాను. ఆరు నెలల తర్వాత మళ్ళీ తీశాను. కాస్త నెట్టి, రెండుసార్లు మెలితిప్పితే వచ్చేసింది. ఈసారి సమయం పట్టింది క్లాంపుకే, చేయిజారి ఇంజన్ కింద ఎక్కడో పడింది.