పక్షుల లెక్కలో పోటాపోటీ: అంపైరు లేని ఆటలో మాటే సాక్ష్యం

కేరళలోని తట్టెకాడ్ పక్షి సంరక్షణ కేంద్రంలో 2015 సెప్టెంబరులో ఒక ప్రపంచ రికార్డు బద్దలయింది. అక్కడ ప్రేక్షకులు లేరు, అంపైరూ లేడు. పగలంతా కొమ్మపై ఎండుటాకులా కదలక కూర్చునే శ్రీలంక ఫ్రాగ్‌మౌత్ అనే పక్షిని అమెరికా యువకుడు నోవా స్ట్రైకర్ తన జాబితాలో 4342వ జాతిగా రాసుకున్నారు. అంతే, 2008లో ఏడాది తిరిగి 4341 జాతులను చూసిన బ్రిటిష్ జంట రికార్డు వెనుకబడింది. డిసెంబరు ముగిసేసరికి స్ట్రైకర్ లెక్క 6042కు చేరింది. మరుసటి ఏడాదే నెదర్లాండ్స్‌కు చెందిన అర్యన్ ద్వార్షౌస్ 6800 దాటి ఆయననూ మించిపోయారు.

తెల్లవారుజామున బైనాక్యులర్లు పట్టుకుని చెరువు గట్లపై తిరిగే ఈ ప్రశాంతమైన వ్యాపకంలో ఇంతటి పోటీ ఉన్నదంటే చాలామందికి ఆశ్చర్యమే. 1300కు పైగా పక్షి జాతులున్న మన దేశంలోనూ దానికి కొదవలేదు. ముంబయి, బెంగళూరు వంటి నగరాల్లో జట్లుగా ఏర్పడి ఒక్కరోజులో ఎవరు ఎక్కువ జాతులను చూస్తారో తేల్చుకునే ‘బర్డ్ రేస్’లు జరిగాయి. అమెరికాలో 2002లో ప్రారంభమైన ‘ఈబర్డ్’ కంప్యూటర్ వ్యవస్థ వచ్చాక జిల్లాలవారీగా, రాష్ట్రాలవారీగా ర్యాంకులు కూడా వెలువడుతున్నాయి. చేతికి నగదు రాదు, కానీ జిల్లాలో ప్రథమ స్థానం చేజారితే నిద్ర పట్టనివారున్నారు!

క్రికెట్‌లో క్యాచ్‌పై అనుమానం వస్తే మూడో అంపైరున్నాడు. ఇక్కడ ఫొటో దొరకనప్పుడు చూసినవాడి మాటే ఆధారం. ఆ మాట తప్పితే ఏమవుతుందో చెప్పడానికి కర్నల్ రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ ఉదంతం చాలు. ఆయన కాలంలో పోటీ జాబితాలతో కాదు, తుపాకీతో కాల్చి సేకరించిన నమూనాలతో సాగేది. ‘ఫారెస్ట్ ఔలెట్’ అనే చిన్న గుడ్లగూబను 1914లో గుజరాత్‌లోని మాండ్వీలో సేకరించినట్లు ఈ బ్రిటిష్ సైనికాధికారి రాసిపెట్టారు. నిజానికి అది జేమ్స్ డేవిడ్సన్ అనే అధికారి 1880 దశకంలో సేకరించిన నమూనా. మ్యూజియం నుంచి దొంగిలించి, మళ్లీ కుట్టి, కొత్త చీటీ తగిలించారని అమెరికన్ పరిశోధకురాలు పామెలా రాస్‌ముసెన్ బృందం బయటపెట్టింది. ఆ చీటీని పక్కనపెట్టి, డేవిడ్సన్ నిజంగా పక్షులు సేకరించిన ప్రాంతాల్లో వెతికాకే 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా సమీపంలో ఆ గుడ్లగూబ కనిపించింది. అంతకుముందు దాని నికరమైన ఆచూకీ 1884 నాటిదే. అంతరించిపోయిందేమోనని భావిస్తున్న పక్షి విషయంలో తప్పుడు చీటీ చేసిన చేటు అంతా ఇంతా కాదు.

ఇప్పుడీ జాబితాల విలువ మరింత పెరిగింది. ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ 2023 నివేదికకు 30 వేల మందికి పైగా ఔత్సాహికులు నమోదు చేసిన 3 కోట్లకు పైగా పరిశీలనలే ఆధారం. అందులో 942 జాతుల స్థితిగతులను పరిశీలించి, 178 జాతులపై అత్యంత శ్రద్ధ అవసరమని తేల్చారు. అందుకే అసాధారణమైన పక్షిని నమోదు చేస్తే ఈబర్డ్‌లో పరిశీలకులు వివరాలు, ఫొటో అడుగుతారు. కొందరు దానిని అవమానంగా భావిస్తారు గానీ, అడగడమే సబబు.

మరో చిక్కూ ఉంది. ర్యాంకుకు ఒక జాతిని ఒక్కసారి చూస్తే చాలు. శాస్త్రవేత్తలకు కావలసింది అదే చెరువు వద్ద అవే కాకులు, గోరింకలు, పిచ్చుకలు ఏటేటా ఎన్ని కనిపించాయన్న లెక్క. పోటీదారు మనసు మాత్రం కడప జిల్లాలో 1986లో తిరిగి కనిపించిన కలివికోడి వంటి అరుదైన వాటిపైనే ఉంటుంది. దానిని బయటకు రప్పించడానికి రికార్డు చేసిన కూతలను పదేపదే వినిపించేవారూ ఉన్నారు. ప్రమాదంలో ఉన్న కొన్ని జాతులు కనిపించిన చోటును ఈబర్డ్ ఇప్పుడు బయటపెట్టడం లేదు.