బారువ తీరాన తాబేళ్ల కాపలా

బారువ అనగానే మన ఉద్దానం పెద్దలకు రంగూను గుర్తుకు వస్తుంది. బ్రిటిషువారి కాలంలో ఇక్కడ ఓడలు ఆగేవి. పొట్ట చేతపట్టుకొని ఎందరో ఈ తీరపు రేవుల నుండే బర్మాకు ఓడ ఎక్కారు. ఆనాటి రేవు నేడు లేదు. లైటుహౌసు ఉంది, మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు ఉంది, కొబ్బరితోటలను ఆనుకొని పొడవైన ఇసుకతీరం ఉంది. చిల్కా అనే పాత ఓడ శిథిలం నీటి అడుగున పడి ఉంది. సెలవునాడు పిల్లలతో వెళ్లడానికి కవిటివారికి దగ్గరలో ఇంతకంటె మంచి చోటు లేదని మా అభిప్రాయం.

అయితే మార్చి నెలలో మేము కొన్ని కుటుంబాలవారం అక్కడికి వెళ్లింది తాబేళ్లను చూడటానికి. సోంపేట మీదుగా తెల్లవారకముందే చేరుకున్నాము. ఒడ్డున వలతో కంచె కట్టిన చిన్న ఆవరణ, అందులో వరుసగా గుంటలు. ఒక్కొక్క గుంట దగ్గర తేదీ, గుడ్ల లెక్క రాసిన చీటీ. అటవీశాఖవారితో కలిసి ట్రీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ మన జిల్లా తీరంలో ఈ పని చేస్తున్నది. 2002లో చెన్నైలో ప్రారంభమైన ఈ సంస్థకు చేతులూ కాళ్లూ మత్స్యకార యువకులే. వారు రాత్రంతా ఇసుకలో నడిచి, కుక్కలూ నక్కలూ తవ్వకముందే గుడ్లను ఏరి తెచ్చి, మళ్లీ అదే లోతున పాతిపెడతారు.

ఆలివ్ రిడ్లే తాబేలు ఒక విడతకు నూరు, నూట ఇరవై గుడ్ల వరకు పెట్టి సముద్రానికి వెళ్లిపోతుంది. తిరిగి చూడదు. 45 నుండి 60 రోజులకు పిల్లలు వస్తాయి. ఇసుక వేడిని బట్టి అవి ఆడవో మగవో తేలుతుందని విని మా స్త్రీలు ఆశ్చర్యపోయారు. పిల్లలు వెలుతురున్న వైపు పాకుతాయి. చీకటి రాత్రి వెలుగు సముద్రం మీదనే ఉంటుంది. కాని ఒడ్డున కరెంటు దీపాలుంటే ఊరివైపు పాకి చచ్చిపోతాయి. 2025 ఏప్రిలులో ఇక్కడ బీచి ఉత్సవం జరిగింది. ఉత్సవాలు జరగవలసినవే, కాని దీపాల సంగతి ఆలోచించాలి.

ఇక వలల మాట. తాబేలు గాలి పీల్చే ప్రాణి. వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చస్తుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం దానికి పులితో సమానమైన రక్షణ ఇచ్చింది. అయితే చేపలవేట నిషేధం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు; తల్లులు ఒడ్డుకు వచ్చేది ముఖ్యంగా జనవరి నుండి మార్చి వరకు. వేట సాగే రోజులు అవే. వల కోసి తాబేలును వదిలిన జాలరికి ఆ వల ఖరీదు ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు మాకు సరైన జవాబు దొరకలేదు. జాలరుల్లో చాలామంది శ్రీకూర్మం దేవుని తలచి తాబేలును చంపరు. మన విశ్వాసం వేరైనా ఆ దయ మెచ్చదగినదే.

చూడగోరేవారు మార్చి, ఏప్రిల్ నెలల్లో అటవీశాఖవారిని ముందుగా అడిగి వెళ్లండి. టార్చిలైట్లు వేయవద్దు. పిల్లలను ఎత్తి నీటిలో వేయవద్దు; ఆ నాలుగు బారల ఇసుకను అవి తామే దాటాలని కాపలా తమ్ముడు మా చిన్నవాళ్లకు రెండుసార్లు చెప్పాడు.