ఫోనులో పాఠం... పక్కన అమ్మ!

"అమ్మా, ఫోనివ్వవూ... హోంవర్కుంది!"

ఈ మాట వినపడని ఇల్లు ఇప్పుడు మన వైపు ఎక్కడైనా ఉందా చెప్పండి? గుంటూరైనా, పల్నాడైనా, ఒంగోలు దాటి దర్శి, మార్కాపురం దాకా వెళ్ళినా ఇదే వరస. మనం ఫోను చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోతాం. పోపు వేగేలోగా అవతల గదిలోంచి పాఠానికి బదులు సినిమా పాట వినిపిస్తుంది! "చదువుకని ఇస్తే చేసే నిర్వాకం ఇదా?" అని కేకలేస్తాం. మర్నాడు మళ్ళీ మామూలే.

ఇది మన ఇళ్ళ ముచ్చటే కాదు. దేశమంతా పల్లెల్లో పిల్లల చదువులు ఎలా ఉన్నాయో చూసే 'అసర్' సర్వే 2024లో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్ని ఫోను గురించి కూడా అడిగింది. ఫోను వాడటం వచ్చిన పిల్లల్లో గడచిన వారంలో చదువు కోసం వాడిన వాళ్ళు నూటికి 57 మంది అయితే, కబుర్లకీ వీడియోలకీ సోషల్ మీడియా చూసిన వాళ్ళు 76 మంది! ఇంకో లెక్క కూడా ఉందందులో. ఫోను వాడే మగపిల్లల్లో నూటికి 36 మందికి సొంత ఫోను ఉంటే, ఆడపిల్లల్లో 27 మందికే ఉంది. అంటే అన్నయ్య చూడటం అయిపోయాక, చార్జింగు కూడా అయిపోయాక చెల్లెలి చేతికి వస్తుందన్నమాట. ఈ సంగతి మనకు సర్వే వాళ్ళు చెప్పాలా ఏమిటి!

మరి ఆ ఫోనులో చదువుకు పనికొచ్చే సరుకు ఉందా అంటే, బోలెడుంది. నెట్‌కయ్యే డబ్బులు తప్ప పైసా ఖర్చు లేదు.

ముందుగా మీ పిల్లల పాఠ్యపుస్తకం ఒకటి తెరిచి చూడండి. పాఠం దగ్గర నలుపు తెలుపు గళ్ళతో చదరంగా ఒక చిన్న బొమ్మ కనిపిస్తుంది. కూరల బండి మీద డబ్బులు కట్టడానికి పెడతారే, అలాంటిదే. అదే క్యూఆర్ కోడ్. ఫోనులో 'దీక్ష' అనే యాప్ వేసుకోవాలి. 2017 సెప్టెంబరు 5న, గురుపూజోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి మన వెంకయ్యనాయుడు గారు ప్రారంభించిన సర్కారు యాప్ ఇది. రాష్ట్రం, మీడియం, తరగతి ఎంచుకుని, గళ్ళ బొమ్మ గుర్తు నొక్కి, పుస్తకంలోని బొమ్మకు ఎదురుగా ఫోను పట్టుకోండి. ఆ పాఠానికి సంబంధించిన వీడియోలూ, ప్రశ్నలూ వస్తాయి. కెమెరా మసకగా ఉండి బొమ్మ పట్టకపోతే కంగారుపడకండి. బొమ్మ కిందే ఆరక్షరాల కోడ్ అచ్చువేసి ఉంటుంది, అది కొట్టినా చాలు.

"నాకు ఇంగ్లీషు రాదు, నేను పక్కన కూర్చుని ఏం లాభం?" అంటారా? మన రాష్ట్రంలో 2020 నుంచి పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి. పిల్లవాడు ఇంగ్లీషు పేజీ చదువుతుంటే మీరు తెలుగు పేజీ చూడండి. "ఇప్పుడు ఏం చదివావో తెలుగులో చెప్పు" అని అడగండి. చెప్పగలిగాడా, వచ్చినట్టే. నీళ్ళు నమిలాడా, వీడియో మళ్ళీ వేయాల్సిందే! ఈ పరీక్ష పెట్టడానికి మనకు డిగ్రీ అక్కర్లేదు గదా.

ఇంకా చిన్నపిల్లలుంటే 'స్టోరీవీవర్' చూడండి. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో పెట్టింది. రంగుల బొమ్మల కథలు తెలుగులోనూ ఉన్నాయి, ఉచితంగా చదువుకోవచ్చు. ఒకే కథను ఇవాళ తెలుగులో, రేపు ఇంగ్లీషులో చదివిస్తే రెండు భాషలూ కలిసొస్తాయి. పడుకోబోయే ముందు నాలుగు పేజీలు, అంతే. అంతకు మించి ఫోను వెలుగు పసి కళ్ళకు మంచిది కాదు.

యాప్‌లు లేకపోయినా ఫోనులో పుట్టుకతోనే ఉన్నవి కొన్ని ఉంటాయి. మాట రికార్డు చేసే గుర్తు ఉంటుంది చూడండి. నన్నడిగితే, అన్నిటికంటే మంచి టీచరు అదే. పిల్లను పాఠం గట్టిగా చదివి రికార్డు చేయమనండి. తన గొంతు తానే వింటే ఎక్కడ తడబడిందో దానికే తెలిసిపోతుంది. చదువు రాని అమ్మ కూడా తనకు నోటికొచ్చిన పద్యమో, పొడుపు కథో చెప్పి రికార్డు చేసి పెట్టొచ్చు. తను చేలో ఉన్నా ఇంట్లో పిల్లలు వింటారు.

చేను అంటే గుర్తొచ్చింది. మన ప్రాంతానికి ఒక చిక్కుంది. దసరా దాటితే పత్తి తీతలు, సంక్రాంతి వెళ్తే మిరప కోతలు. సరిగ్గా ఆ మార్చిలోనే పదో తరగతి పరీక్షలు! ఆడవాళ్ళం తెల్లారగట్ల చేలోకో, కళ్ళంలోకో పోతే పొద్దుగూకి వస్తాం. ఫోనేమో ఆయన జేబులో గుంటూరు మిర్చియార్డుకు పోతుంది. క్వింటా ధర తెలుసుకోవాలాయె, కాదనలేం. అందుకని పని ముమ్మరం కాకముందే, తీరిక ఉన్న రోజుల్లో దీక్షలో కావలసిన పాఠాలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. తర్వాత నెట్ లేకపోయినా, సిగ్నల్ అందని చేలో ఉన్నా అవి కనిపిస్తాయి. ఆవకాయ వేసవిలో పెట్టుకుంటేనే గదా వానాకాలంలో అన్నంలోకి ఉండేది! రాత్రి అన్నాలయ్యాక ఒక గంట ఫోను పిల్లల చదువుదే అని ఇంట్లో అందరి ముందూ తేల్చి చెప్పండి. ఆ గంటలో ముందు అరగంట అమ్మాయిది. తర్వాతే అబ్బాయి.

బడి సంగతికొస్తే, 2023లో మన ప్రభుత్వం పిల్లలు బడికి ఫోను తేకూడదనీ, టీచర్లు కూడా తరగతిలోకి తీసుకెళ్ళకూడదనీ ఉత్తర్వులిచ్చింది. అదే ఏడాది యునెస్కో నివేదిక కూడా బడిలో ఫోనువల్ల పిల్లల ధ్యాస చెదురుతుందని హెచ్చరించింది. పిల్లల విషయంలో ఇది నూటికి నూరుపాళ్ళూ మంచిమాటే! టీచరు విషయం మాత్రం వేరని నాకనిపిస్తుంది. ఆవిడ ఇంట్లో ఫోనులో వెతికి సిద్ధం చేసుకున్న పాఠం బడిలోని స్మార్ట్ టీవీ మీద వేస్తే నలభైమందీ ఒకేసారి చూస్తారు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళ 'ఫెట్' అనే ఉచిత ప్రయోగాలున్నాయి. బ్యాటరీకి తీగ కలిపితే బల్బు వెలగడం తెర మీదే చేసి చూడొచ్చు. కొన్ని తెలుగులోకి కూడా వచ్చాయి. పేరెంట్స్ మీటింగుకు వెళ్ళినప్పుడు "మార్కులెన్ని?" అని ఊరుకోకుండా ఇవి చూపిస్తున్నారా అని కూడా అడగండి.

మన చేలో ఉన్న సైన్సు మాత్రం ఏం తక్కువ? 2021-22లో నల్ల తామరపురుగు వచ్చి మిరప పూతనంతా ఎలా మాడ్చేసిందో మర్చిపోతామా? మిరప పువ్వు తెంపి తెల్లకాగితం మీద దులిపితే అవి నలుసుల్లా పాకుతాయి. ఫోను కెమెరా ముందు భూతద్దం పెట్టి ఫొటో తీస్తే కాళ్ళతో సహా కనిపిస్తాయి. ఆ ఫొటో పిల్లవాడి నోటుపుస్తకంలో అంటించారనుకోండి, కీటకాల పాఠం జన్మలో మర్చిపోడు. నాన్నగారికీ పనికొస్తుంది, లాం ఫారం శాస్త్రవేత్తలకు చూపించి సలహా అడగొచ్చు.

ఒక్క జాగ్రత్త. ఉచితం అంటూ వచ్చే ప్రతి యాప్‌నీ నమ్మకండి. ప్లేస్టోరులోంచి కాకుండా వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు నొక్కొద్దు. బ్యాంకు నంబరు, ఓటీపీ అడిగిందా, అది చదువు యాప్ కానేకాదు. దీక్షలో పాఠం చూడటానికి పేరు నమోదు కూడా అక్కర్లేదు. డబ్బులు కట్టే యాప్‌కు తాళం పెట్టాకే ఫోను పిల్లల చేతికివ్వండి.

పత్తికీ మిరపకీ కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మన ఊళ్ళకు వస్తాయి. చేల గట్లమీద గుడిసెలు వేసుకుంటారు. వాళ్ళ పిల్లలు అక్కడి బడి వదిలేసి వచ్చి ఇక్కడ చంటివాళ్ళను ఆడిస్తూ కనిపిస్తారు. నాలుగు నెలలు పోతే తరగతిలో వెనకబడిపోతారు, ఆపైన కొందరు బడి ముఖమే చూడరు. అలాంటి పిల్లలు మీ చేలో ఉంటే ముందు మీ ఊరి హెడ్మాస్టరుగారి చెవిన వేయండి. రాత్రి మీ ఇంట్లో ఆ ఫోను గంటకు వాళ్ళనూ పిలవండి. పుస్తకం తెచ్చుకోలేదని బెంగ వద్దు. సర్కారు బడుల పుస్తకాలు రాష్ట్రమంతా ఒకటే కాబట్టి, మీ పిల్లవాడిదీ అదే తరగతి అయితే వాడి పుస్తకంలోని గళ్ళ బొమ్మే వాళ్ళకూ పనిచేస్తుంది.