‘అంతా సోది’ అంటున్నారా?

ఇంటర్వెల్‌లో బయటికొచ్చిన కుర్రాణ్ణి “పిక్చర్ ఎలా ఉంది గురూ?” అని అడిగి చూడండి. నచ్చకపోతే ఒకటే ముక్క... “అంతా సోది!” చాంద్రాయణగుట్ట కుర్రాడైతే “బక్వాస్” అని ఇంకో ముక్క తగిలిస్తాడు.

కానీ సోది అసలు తిట్టు కాదు సుమా! సోది అంటే జరగబోయేది చెప్పడం. చంకన బుట్ట, చేతిలో కర్రతో ఎరుకలసాని వాకిట్లోకి వచ్చేది. చేటలో బియ్యం పోయించుకుని, ఇల్లాలి చెయ్యి పట్టుకుని, కంచి కామాక్షినీ మధుర మీనాక్షినీ కాశీ విశాలాక్షినీ పేరుపేరునా పిలిచాక గానీ అసలు సంగతికి వచ్చేది కాదు. పెళ్ళెప్పుడో వినాలని తహతహలాడే పిల్లకి ఆ కాసేపూ యుగంలా తోచదూ? బహుశా అక్కడే ‘సోది’ కాస్తా ‘సాగదీత’ అయ్యుంటుంది!

ఈ విద్యకే ‘ఎరుక’ అని మరో పేరు. ఎరుక అంటే తెలియడం. “నాకేం ఎరుక?” అని తెలంగాణలో రోజూ వింటాం. పద్మావతి మనసులోని మాట ఆకాశరాజు ఇంట్లో బయటపెట్టడానికి సాక్షాత్తూ శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం వేశాడని కథ!

మరి ఇదే పని చేసే మిగతా మాటల సంగతి? జ్యోతిషం నుంచి పుట్టిన ‘జోస్యం’ పంచాంగం పట్టుకుని దర్జాగా ఉంది. చాంద్రాయణగుట్ట వీధుల్లో బోనాలెత్తే ఆషాఢంలోనే, సికిందరాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి వానల సంగతీ పంటల సంగతీ చెబుతుంది. దాన్ని ‘రంగం’ అంటారు, ‘భవిష్యవాణి’ అంటారు. వేలమంది చేతులు జోడించి వింటారు.

గుమ్మం గుమ్మం తిరిగి చెప్పిన పేదరాలి మాట ఒక్కటే చవకైపోయింది. తెల్లదొరల నాటి నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవారి మీద దొంగలన్న ముద్ర కూడా పడింది. 1952లో చట్టం రద్దయింది. చిన్నచూపు మాత్రం అంత తేలిగ్గా పోలేదు.

“సోది నిజమవుతుందా?” అంటారా? ముహూర్తం చూసి కొబ్బరికాయ కొట్టిన పిక్చర్లన్నీ వందరోజులాడాయా చెప్పండి! ఈసారి సినిమా నచ్చకపోతే ‘బోరు’ అనండి, చాలు. సోదమ్మయితే క్లైమాక్స్ ముందే చెప్పేసేది మరి!