వృద్ధిబొందు పట్టణములకు చెత్తభూముల నిర్ణయము: పటముల వినియోగము

పట్టణము పెరిగినకొలది చెత్తయు పెరుగును. నిన్న ఊరివెలుపలనున్న దిబ్బ నేడు ఇండ్లనడుమకు వచ్చును. ఢిల్లీయందలి గాజీపూరున 1984వ సంవత్సరమున నారంభింపబడిన చెత్తభూమి నిండిన పిదపను వాడబడుచుండెను. 2017 సెప్టెంబరు 1వ తేదీన అందొక భాగము విరిగిపడగా ఇరువురు మరణించిరి. అదే సంవత్సరము ఏప్రిలు 14వ తేదీన కొలంబో సమీపమున మీతొటముల్లయందలి దిబ్బ ఇండ్లపై గూలి ముప్పదిమందికి పైగా మృతినొందిరి. కావున స్థలనిర్ణయము భూమిధరకు మాత్రమే సంబంధించినది కాదు.

కంటికి గానరాని కీడు మరియొకటి కలదు. వర్షజలము చెత్తగుండ దిగుచు అందలి కుళ్లును లవణములను గొని భూమిలోనికి ఇంకును. ఇసుకనేలయందు ఈ మురుగు త్వరగా బావులను జేరును. బంకమట్టియందు మెల్లగా సాగును.

స్థలపరీక్షయందు మొదట తగని నేలలను త్రోసివేయవలయును. 2016వ సంవత్సరపు ఘనవ్యర్థముల నిబంధనలయందు చెత్తభూమి నదికి 100 మీటర్లు, చెరువునకు, రహదారులకు, నివాసములకు, త్రాగునీటి బావులకు 200 మీటర్లు, విమానాశ్రయమునకు 20 కిలోమీటర్లు దూరముండవలెనని విధింపబడెను. నూరేండ్ల వరదముంపు నేలలును చిత్తడినేలలును నిషేధింపబడెను. పిమ్మట వెలువడిన నిబంధనలున్నయెడల వానినే ప్రమాణముగా గొనవలయును.

జి.ఐ.యస్. అను గణనయంత్రపద్ధతియందు నీరు, బాటలు, ఇండ్లు, మట్టి, వాలు అనువానికి వేర్వేరు పటములు సిద్ధపరచి, నూనెకాగితములవలె ఒకదానిపై నొకటి పరచుదురు. నిషిద్ధదూరములన్నియు గప్పబడిన పిదప మిగిలిన ఖాళీభాగములే పరిశీలనకు అర్హములు. రెండవమెట్టున వానికి గుణములనుబట్టి మార్కులీయబడును. ఏ గుణమునకెంత ప్రాధాన్యమో ఫలితము జూడకముందే వ్రాసి యుంచవలయును. లేనియెడల బండ్లకూలి తగ్గునను నెపమున ఊరిదాపు స్థలమే గెలుచును.

పటమును గ్రుడ్డిగా నమ్మరాదు. 1:50,000 ప్రమాణముగల సర్వే పటమున 200 మీటర్లనగా 4 మిల్లీమీటర్లు మాత్రమే. కావున తుదినిర్ణయము గ్రామసర్వే పటముతో సరిచూడవలయును. వేసవిలో దీయబడిన ఉపగ్రహచిత్రమున ఎండిన చెరువుగర్భము బంజరువలె గనబడును. పాత పటములయందు క్రొత్తగా వెలసిన పేదల పల్లెలుండవు. బంజరని వ్రాయబడినది పశువుల మేతభూమి కావచ్చును.

కావున అధికారులు స్వయముగా బోయి, వానకాలమున బావులలోని నీటిమట్టము గొలిపించి, గోతులు త్రవ్వించి మట్టిని జూచి, సమీపవాసుల మాటలు వినవలయును. రాబోవు 20 మొదలు 25 ఏండ్లలో పట్టణము ఏదిక్కునకు బ్రాకునో యోచింపవలయును. విసర్జింపబడిన స్థలములను, అందులకు గల కారణములను పటముతోగూడ దస్త్రమున నుంచినయెడల, తరువాత వచ్చు అధికారి అదే పొరపాటును తిరిగి చేయకుండును.