ఇంటిల్లిపాదీ కలిసి ఆడే ఆట ఏది?



కుటుంబ ప్రార్థన ముగియగానే మా ఇంట తలా ఒక ఫోను పట్టుకొని తలా ఒక మూలకు చేరేవాళ్లము. మా అమ్మ మాత్రం ఒంటరిగా కూర్చుండేది. ఇది సరికాదని తోచి, అందరము ఆడదగిన ఆటకొరకు వెదికాము.

చదరంగము తెచ్చాము. ఇద్దరు ఆడుచుండగా మిగిలినవారు చూచుటే. క్యారమ్స్ నలుగురు జంటలుగా ఆడవచ్చును గాని, చేతులు వణికే అమ్మకు స్ట్రైకరు కొట్టుట కష్టమైనది.

చివరకు అమ్మయే అట్టమీద 25 గళ్లు గీయించి, అష్టాచెమ్మా ఆడదామన్నది. గవ్వలంటే జూదమని మేము వెనుకాడాము. “పందెం కాస్తే గదయ్యా జూదం!” అన్నది. ఆ మాటతో మాకు బుద్ధి వచ్చినది.

గవ్వలు 4. అన్నీ వెల్లకిల పడితే 4, అది చెమ్మా. అన్నీ బోర్ల పడితే 8, అది అష్టా. గవ్వ పడుట ఎవరి చేతిలోను లేదు గనుక పసివాడును గెలువగలడు. ఏ కాయ నడపాలో ఆలోచించాలి గనుక పెద్దలకును విసుగు లేదు.

కాబట్టి ఆట ఎన్నుకొనునప్పుడు ఇవి చూడండి: చదువు రానివారు ఆడగలరా? అందరికీ వంతు వచ్చునా? ఓడిన బిడ్డ మరల ఆడగోరునా? డబ్బు పందెము లేదు గదా?

జెకర్యా 8వ అధ్యాయములో ప్రవక్త చెప్పిన యెరూషలేము వీధులలో ముదుసలివారును, ఆడుకొను బాలబాలికలును కలిసియే ఉన్నారు. మన ఇండ్లలోను ఆలాగు ఉండనిద్దాము. ఈ రాత్రి ప్రార్థన తరువాత ఒక అట్ట, నాలుగు గవ్వలు, కొన్ని చింతగింజలు తీయండి. మొదటి పందెము ఇంటిలోని పెద్దవారిని వేయనివ్వండి.