ల్యాప్‌టాప్ వాట్లకూ వంతులు

మే నెల మధ్యాహ్నం, మండపేటలో మా అక్కయ్యగారి ఇల్లు. మేనకోడలు 2020 మార్చిలో వర్క్ ఫ్రమ్ హోమ్ అని హైదరాబాద్ నుంచి వచ్చింది. ఆఫీసు మళ్లీ తెరిచినా నెలలో సగం రోజులు ఇక్కడి నుంచే పనిచేస్తుంది. పరుపు మీద దిండు, దిండు మీద ల్యాప్‌టాప్.

"చూడండి మామయ్యా, పిండిమర ఆడినట్టు ఆడుతోంది. పెర్ఫార్మెన్స్ మోడ్‌లో పెట్టాను, అయినా మీటింగులో వీడియో ఆగి ఆగి వస్తోంది" అంది.

కీబోర్డు పైవరుస దగ్గర వేలు ఆనించాను. రెండు సెకన్లు కూడా ఉంచలేకపోయాను. "'అయినా' కాదమ్మా, 'అందుకే' అనాలి" అన్నాను. అదెలాగో తనకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే డెల్టాలో ఎండాకాలం వస్తే ఈ ఫిర్యాదు చాలా ఇళ్లలో వినిపిస్తుంది.

ప్రాసెసర్ అంటే వందల కోట్ల బుల్లి స్విచ్చులు. ప్రతి స్విచ్చూ సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు మారగలదు, మారినప్పుడల్లా కాస్త కరెంటు వేడిగా మారిపోతుంది. వేగం పెంచితే వేడి అదే లెక్కన పెరిగితే ఇబ్బంది ఉండేది కాదు. కానీ స్విచ్చు త్వరగా మారాలంటే దానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. నీళ్లు జోరుగా పారాలంటే ఎత్తు నుంచి వదలాలి కదా, అలాగే. ఖర్చయ్యే వాట్లు వేగంతో పాటు పెరుగుతాయి, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతాయి. అసలు చిక్కంతా ఆ వర్గంలోనే ఉంది.

2000 సంవత్సరంలో ఇంటెల్ తన ల్యాప్‌టాప్ చిప్పు మొబైల్ పెంటియం 3లో స్పీడ్‌స్టెప్ అనే ఏర్పాటు తెచ్చింది. 650 మెగాహెర్ట్జ్ చిప్పు ప్లగ్గులో ఉన్నప్పుడు 1.6 వోల్టులతో నడిచేది. బ్యాటరీ మీద 500 మెగాహెర్ట్జ్‌కు, 1.35 వోల్టులకు దిగేది. లెక్క వేయండి: వేగం నూటికి 77 పాళ్లు మిగిలింది, ఖర్చు మాత్రం దాదాపు 55 పాళ్లకు పడిపోయింది. ఈనాటి చిప్పులు వేగాన్నీ వోల్టేజీనీ క్షణక్షణమూ మార్చుకుంటాయి కానీ సూత్రం అదే. చివరి కాస్త వేగానికే అన్నిటికంటే ఎక్కువ వేడి ఖరీదు కడతాం. పవర్ మోడ్ మారిస్తే చిప్పు శక్తి మారదు. ఆ ఖరీదు ఎంతవరకు కట్టవచ్చో మారుతుంది, అంతే.

ఇక వేడి బయటికి పోవాలి. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీలకు అటూఇటూ. అది దాటకుండా చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. వేడి ఎంత జోరుగా పోతుందన్నది లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. ఏసీ గదిలో 25 డిగ్రీలుంటే తేడా 75. మండపేట మే ఎండలో గది 42కి చేరితే తేడా 58. అదే ఫ్యాను, అదే రాగి, అయినా బయటికి పంపగలిగే వాట్లు నూటికి 23 పాళ్లు తగ్గిపోయాయి. పైగా మా అమ్మాయి దిండు అడుగున గాలి రంధ్రాలను మూసేసింది. పెర్ఫార్మెన్స్ మోడ్ ఎక్కువ వాట్లు అడుగుతుంది, చిప్పు హద్దు తాకుతుంది, కళ్లెం పడుతుంది, కాస్త చల్లారగానే మళ్లీ పరుగు. వీడియో ఆగి ఆగి రావడానికి కారణం ఈ ఎగుడుదిగుడే.

లోపలి ఏర్పాటు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. చిప్పు మీద నుంచి ఫ్యాను దాకా చదునైన రాగి గొట్టం ఒకటి పోతుంది. అందులోని గాలి తీసేసి చెంచాడైనా లేని నీరు పోసి మూసేస్తారు. చిప్పు దగ్గర ఆ నీరు ఆవిరై వేడిని మోసుకుపోతుంది, ఫ్యాను దగ్గర చల్లబడి నీరై, లోపలి గరుకు పూత గుండా వత్తిలో నూనెలా వెనక్కి వస్తుంది. మన మంచినీళ్ల కుండ చేసే పనే ఇది. కాకపోతే కోనసీమ ఉక్కలో కుండ నీళ్లు సరిగా చల్లబడవు, ఈ గొట్టానికి గాలిలోని తేమతో పనిలేదు.

చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ గొట్టాన్నే గ్రాఫిక్స్ చిప్పు కూడా వాడుకుంటుంది. దాళ్వాకు గోదావరిలో నీరు చాలనప్పుడు ధవళేశ్వరం నుంచి కాలువలకు వంతుల వారీగా వదులుతారే, లోపల వాట్ల పంపకమూ అలాంటిదే. రావులపాలెంలో పెళ్లి వీడియో ఎడిట్ చేసే కుర్రాడికి ఎక్స్‌పోర్ట్ గంటలు పడుతుంది. ఆ గంటల్లో ప్రాసెసర్ ఎక్కువ తాగేస్తే గ్రాఫిక్స్ చిప్పుకు తక్కువ అందుతుంది. అతనికి పెర్ఫార్మెన్స్ మోడ్ అవసరమే, కానీ చల్లటి గదిలో. పేజీ తెరవడం, ఫైలు సేవ్ చేయడం లాంటి క్షణం పనులకు ఏ మోడ్ అయినా పెద్ద తేడా ఉండదు. రాగి, అల్యూమినియం వేడెక్కేలోపే ఆ పని అయిపోతుంది.

రొద సంగతి కూడా చెప్పాలి. ఫ్యాను వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపే వస్తుంది, అది తినే కరెంటు మాత్రం ఎనిమిది రెట్లు, మోత దాదాపు 15 డెసిబెళ్లు ఎక్కువ. 10 డెసిబెళ్లు పెరిగితేనే చెవికి రెట్టింపు మోతలా తోస్తుంది. మీటింగులో అవతలివాళ్లకు మన మాట కంటే మన ఫ్యానే ముందు వినిపించేది ఇందుకే.

ముందుగా దిండు తీసి పూజగదిలోంచి చెక్క పీట తెచ్చి పెట్టాను. తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్ అండ్ బ్యాటరీ తెరిచి 'బెస్ట్ పెర్ఫార్మెన్స్' తీసి 'బ్యాలెన్స్‌డ్' పెట్టించాను. తయారీ కంపెనీ ఇచ్చిన యాప్‌లో ఫ్యానుకు వేరే మోడ్ ఉంటే దాన్నీ మార్చాలి, చాలామంది మరిచిపోయేది అక్కడే. అదే యాప్‌లో ఛార్జింగు 80 శాతం దగ్గర ఆగేలా పెట్టాం. లిథియం బ్యాటరీని నిండుగా, వేడిగా ఉంచితే ఆయుష్షు త్వరగా తగ్గుతుంది, ఈ ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో రెండూ కలిసే వస్తాయి. బ్రష్షుతో పక్క రంధ్రాలు దులిపితే నూర్పిళ్ల నాటి ధూళి ముద్దగా రాలింది.

పావుగంటకు పిండిమర ఆగింది. వీడియో కుదుటపడింది. సాయంత్రం ఏడింటికి కాలువ గట్టు మీద నుంచి గాలి తిరిగాక, పెద్ద ప్రోగ్రాం ఒకటి కంపైల్ చేయాలని తనే మోడ్ మళ్లీ పైకి మార్చుకుంది. "ఇప్పుడు వంతు నాది మామయ్యా" అంది.